నూట అరవై ఏడు మైళ్ళ గీత

మొన్న మా మనవరాలు ఫోనులో రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టి, హైదరాబాదు నుంచి గన్నవరానికి ఎంత దూరమో, ఎంతసేపు పడుతుందో రెప్పపాటులో చెప్పి, మీ కాలంలో ఇదంతా ఎలా లెక్కకట్టేవారని ముచ్చటగా అడిగింది. పటం మీద స్కేలు పెట్టి కొలిచేవాళ్ళమని చెప్పి ఊరుకున్నాను. నిజానికి నేను కొలిచింది ఒక్కసారే.

అరవైల తొలి సంవత్సరాలవి. నేను హైదరాబాదులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తుండగా, అక్కాబావలు నందిగామలో కాపురముండేవారు. వానాకాలంలో ఒక సాయంత్రం బావ డాక్టరుగారింటి నుంచి ట్రంకాల్ చేసి, ఐదేళ్ళ మేనకోడలికి కంఠసర్పి, అదే డిఫ్తీరియా, సోకిందనీ, మర్నాడు సాయంత్రంలోగా విరుగుడు సీరం పడితే తప్ప దక్కదనీ, అది బెజవాడలో ఎక్కడా దొరకలేదనీ చెప్పాడు. గంటలో సీరం సంపాదించి, ఐసు నింపిన ఫ్లాస్కులో భద్రపరచి, తిరిగి ఫోను చేశాను.

“పొద్దున్నే ఆరింటి బస్సెక్కి వచ్చేయ్. ఇక్కడ మునేరు పొంగుతోందంటున్నారు, బస్సుకైతే అది అడ్డం రాదు,” అన్నాడు బావ.

“నేను విమానంలో వస్తున్నా. విమానానికి మునేరేంటి బావా!” అని నవ్వాను.

బస్సు ఒంటిగంటకు గానీ చేరదు. బేగంపేట నుంచి గన్నవరానికి పటం మీద గీత గీస్తే నూట అరవై ఏడు మైళ్ళు వచ్చింది. గంటకు నూటయాభై చొప్పున అరవై ఏడు నిమిషాలు, ఎక్కడానికీ దిగడానికీ మరో ఎనిమిది. ఎనిమిదింటికి లేస్తే తొమ్మిదింబావుకు గన్నవరం, అక్కడి నుంచి కారులో పదకొండు ముప్పావుకు నందిగామ. నా గీత నందిగామకు రెండున్నర మైళ్ళు దక్షిణంగా పోతుందని కూడా కొలుచుకుని మురిసిపోయాను. ఊరు దాటిపోయి, మునేటి అవతల దిగి, మళ్ళీ ఆ ఏరు దాటే వెనక్కి రావాలన్నది నాకు తెలియనిది కాదు. ఆ దారిని మైళ్ళుగానే చూశాను, ఏరుగా చూడలేదు.

విమానం నా లెక్క తప్పలేదు. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా ఎడమ కిటికీలోంచి, మబ్బుల సందున నందిగామ కనిపించింది. దాని పక్కనే ఎర్రగా, వెడల్పుగా మునేరు.

గన్నవరం నుంచి కారులో మునేటి ఒడ్డుకు చేరేసరికి, కీసర దగ్గర బస్సులూ లారీలూ బారులు తీరి నిలిచిపోయి ఉన్నాయి. పడవవాళ్ళను బతిమాలాను. “ఎంతిచ్చినా దిగవండీ. నీళ్ళు కాదివి, చావండీ,” అన్నాడొక పెద్దాయన. ఆ రోజంతా ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, అవతలి ఒడ్డును చూస్తూ కూర్చున్నాను. మర్నాడు ఉదయం ఏరు తీశాక వెళ్ళేసరికి, పిల్లను కాటికి తీసుకుపోయి వచ్చేశారు.

బావ ఆశ చావక ముందురోజు బస్టాండుకు వెళ్ళి చూశాడని, ఆరింటి బస్సు ఒంటిగంటా పది నిమిషాలకు వచ్చేసిందని ఇరుగుపొరుగువాళ్ళు చెప్పారు. అక్క నా మొహంలోకి చూడకుండా అంది: “నీ విమానం చప్పుడు వినపడిందిరా. అదుగో, మావయ్య వచ్చేశాడే అన్నాను దానితో. కళ్ళు తెరిచి గుమ్మం వంక చూసింది.”

ఇప్పుడు కంఠసర్పి పేరైనా చాలామంది తల్లులకు తెలియదు. పుట్టగానే టీకాలు వేస్తున్నారు. కీసర దగ్గర కార్లు వేగం తగ్గించకుండానే ఏరు దాటిపోతున్నాయి. ఎవరైనా ఎక్కడికైనా తొందరగానే చేరుకుంటున్నారు. అక్క ఆ తరువాత ముప్పయ్యేళ్ళు బతికింది. ఆ ముప్పయ్యేళ్ళలో ఏ కష్టానికీ నన్ను తొందరగా రమ్మనలేదు.