కప్పు తిరగేసే మామయ్య

“తాగాక తిరగేయొచ్చు కదా. ముందే తిరగేయడం ఏంటి?”

“ఎవరు చేశారో తెలియకుండా నోట్లో ఎలా పెట్టుకుంటానే?”

అత్తా మామయ్యల గొడవ గేటు దాకా వినిపిస్తోంది. ఈసారి కాఫీ పడింది వియ్యపురాలి చీర మీద.

మా మామయ్యది ఒకటే జబ్బు. మట్టిపాత్ర కనపడితే తిరగేసి అడుగు చూడాలి. అందులో కాఫీ ఉందా, పూలమొక్క ఉందా అన్నది తర్వాతి సంగతి. ఓసారి పళ్ల డాక్టరు దగ్గర పుక్కిలించమని ఇచ్చిన కప్పును తన ఒళ్లోనే బోర్లించుకున్నాడు. బ్యాంకులో మేనేజరు కలాల కుండీని తిరగేస్తే, మేనేజరు బల్ల కింద దూరి కలాలు ఏరుకోవాల్సి వచ్చింది. ఆ పాత్ర ఎవరు చేశారో తెలుసా అని మామయ్య పైనుంచి అడుగుతూనే ఉన్నాడు.

మా చుట్టుపక్కల స్టూడియోల్లో మట్టిపాత్రలు చేసినవాళ్ల పనంతా గుర్తుపట్టి పుస్తకం వేయాలని ఆయన పట్టుదల. నేను కాలేజీ మానేసి తిరుగుతున్నానని చేతికి కెమెరా ఇచ్చాడు. మూడేళ్లుగా పాత్రల అడుగుల ఫొటోలు తీస్తున్నాను.

సోమవారం పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి. శనివారం పొద్దున ఈయన ప్రూఫుల్లో ఒక పెద్ద స్టూడియో యజమాని పేరును వరసగా కొట్టేస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. పాత్రల మీద ముద్ర ఆయనదే కదా అన్నాను.

“ముద్ర ఎవరైనా కొడతార్రా. సుడి చూడు.”

కుమ్మరి సారె తిరుగుతుండగా పాత్రను తీగతో కోస్తే అడుగున సుడిలా గీత పడుతుంది. యజమాని స్వయంగా చేసిన పాత్రల్లో అది ఒకవైపు తిరిగితే, పేరు కొట్టేసిన వాటిలో రెండోవైపు తిరిగింది. ఆ స్టూడియోలో సారెను అటు తిప్పింది ఒక్కరే, ఎడమచేతివాటం పనిమనిషి. పాత్రలు కడగడానికి చేరి, ముప్పయ్యేళ్లు పాత్రలు చేసింది. ఏడేళ్ల కిందట మామయ్య వెళ్లి ఆవిడ చేసినవి చూపించమంటే, అన్నీ అయ్యగారి ముద్రతోనే పోయాయి, చూపించడానికి ఒక్కటీ లేదని నవ్విందట.

అప్పటినుంచీ ఈయన ఊళ్లోవాళ్ల కాఫీలు ఒలకబోస్తున్నది ఆవిడ పాత్రల కోసం. ఆ మాట అత్తకైనా చెప్పలేదు. ఎందుకని నిలదీశాను.

“దొరక్కపోతే? ఆ మాట ఆవిడ చెవిన పడి ఆశ పెట్టుకుంటే?”

దొరికినవి నూటపన్నెండు. చనిపోయిన ఆ యజమాని కొడుకుకు మామయ్య ఫోన్ చేస్తే, ఆవిడ ఒక్కొక్కటీ చూసి తనదేనని సంతకం పెడితే పుస్తకంలో పేరు మార్చుకోమన్నాడు. సోమవారం లోపు అది కాకపోతే యజమాని పేరే ఉండిపోతుంది.

నేను బండి తాళాలు తీశాను. మామయ్య చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్లీ వేసుకున్నాడు. చివరికి గుమ్మంలోనే ఆగి ఫొటోల కట్ట నా చేతిలో పెట్టాడు.

“నువ్వొక్కడివే వెళ్లరా. వెతికానని చెప్పకు, ఎక్కడో కనపడ్డాయని చెప్పు. ఇంకోటి, ఎన్ని గంటలైనా సరే, ఆవిడ నూటపన్నెండూ చూసేదాకా నువ్వు కుర్చీలోంచి లేవకు.”