మైకులో పలికిన గారు

ఊళ్ళో శవాలు మొయ్యడం, గుంట తవ్వడం మా పేట మగవాళ్ళకి తాతల నాటి నుంచీ వస్తున్న పని. అది తన మెడకు చుట్టుకోకూడదనే మా ఆయన మీసం సరిగా రాకముందే మిలట్రీలో చేరాడు. "నన్ను గారూ అని పిలిపించుకుంటా, చూస్తుండు" అన్నాడు పెళ్ళైన కొత్తలో. పింఛనుతో నకరికల్లు పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చాక కూడా ఎవరూ అనలేదు. "ఒరేయ్ మిలట్రీ" అనేవాళ్ళు, అంతే.

నిరుడు నరసరావుపేట కల్యాణమండపంలో బజారు కమిటీవాళ్ళు, యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళకి సన్మానం పెట్టారు. మైకులో మా ఆయన పేరు చదివి, చివర గారు అన్నారు. ఆయన తల తిప్పి నా వంక చూశాడు. పెళ్ళిపీటల మీద కూడా అట్లా చూడలేదు.

కమిటీ పెద్దది బట్టల కొట్టు. దండ పట్టుకుని నిలబడి, "యుద్ధంలో ఏం చేశారో పిల్లలకు చెప్పండి సార్" అన్నాడు.

నాకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి అక్కడ చెప్పాడు. మంచుకొండ మీద స్ట్రెచర్లు పట్టని దారిలో, చనిపోయిన సిపాయిలను తాడుతో వీపుకు కట్టుకుని ఒక్కొక్కరినే కిందికి దించాడట. చలికి కొయ్యబారిన వాళ్ళ చేతులు తన చెవులకు తగులుతుంటే, "వచ్చేశాం తమ్ముడా" అంటూ దిగేవాడట.

ముందు వరసలో మా ఊరి ఆసామి ఒకడు కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా, అంత దూరం పోయి కూడా మీ పనేనా!"

మండపమంతా నవ్వింది. కమిటీ పెద్ద నవ్వలేదు. మంచివాడే అనుకున్నాను. ఆయన వంగి, "ఏ పేటోడు?" అని ఆ ఆసామిని అడిగాడు. తర్వాత దండ మెళ్ళో వెయ్యకుండా బల్ల మీద పెట్టి, "తీసుకో" అన్నాడు. మైకులో ఇంకో పేరు చదివారు.

ఆటోలో నాకు కోపం ఆగలేదు. "తుపాకీ పేల్చానంటే నీ సొమ్మేం పొయ్యేది?"

"పేల్చాన్లే. చానా రోజులు చేసింది మాత్రం శవాలు దించడమేగా."

నెల తిరక్కముందే బట్టల కొట్టు గుమస్తా బైకు మీద వచ్చాడు. కమిటీ పెద్ద వాళ్ళన్న, మేడ మీద గదిలో ఒంటరిగా పోయాడట. వాసన వచ్చేదాకా ఎవరూ చూసుకోలేదు. మెట్లు ఇరుకు, మనిషి భారీ, సొంతవాళ్ళు ముట్టడం లేదు.

"నీకు అలవాటేగా మావా. వీపుకు కట్టుకుని దించుతావంటగా, మా సేటు చెప్పాడు."

"పోమాక" అన్నాను.

"చచ్చినాయన నన్నేమన్నాడే?" అని తాడు తీసుకున్నాడు. మనసొప్పక నేనూ వెంట వెళ్ళాను.

మెట్ల కింద చుట్టాలంతా ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మా ఆయన నడుం వంచి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. కమిటీ పెద్ద ఏడుస్తూనే కేకేశాడు.

"ఒరేయ్, మెల్లిగా! అన్నయ్యగారి తల గోడకు తగలనీయమాక!"

"అట్టాగే సార్" అన్నాడు మా ఆయన.