తిన్యావా అని అడిగిన మిషన్

మా నాయన మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. మా ఊరు విడపనకల్లులో నా మాట నమ్మేవాళ్లు తక్కువని తెలుసు. దయ్యాల కథలు చెప్పి చాలామందిని భయపెట్టినాను గానీ, దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు.

రెండువేల సంవత్సరం దాటినాక అనుకుంటా, వానల్లేక శెనక్కాయ పంట పోతే అనంతపురం వచ్చి ఒక కంప్యూటర్ సెంటర్లో యునిక్స్ కోర్సులో చేరినాను. తక్కినవాళ్లు ఒక్కొక్కరే బెంగళూరు దారి పట్టినారు. చివరికి ఆ గదిలో నేనూ, ఫ్యానూ మిగిలినాం. సారు పాఠం చెప్పేసి కిందికి దిగిపోయేవాడు. నేనుండే లాడ్జికి పోతే ఆడా పలకరించేవాళ్లు లేరు.

అప్పుడే షెల్ స్క్రిప్టు రాయడం నేర్చుకున్నాను. చేయాల్సిన పనులు ఒక ఫైల్లో వరసగా రాసిపెడితే మిషన్ చదువుకుంటా చేసుకుపోతుంది. నేను రాసిన మొదటి స్క్రిప్టు, లాగిన్ కాగానే ఇంగ్లీషు అక్షరాల్లో "తిన్యావా?" అని అడిగేది. అవునని వై కొడితే "సరే, పని చూసుకో" అంటుంది. లేదని ఎన్ కొడితే "పోయి తినిరా పో" అంటుంది. రోజు మొత్తమ్మీద నన్ను ఆ మాట అడిగేది అదొక్కటే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మళ్లీ లాగిన్ అయినాను. "తిన్యావా?" అంది. హోటల్లో ఒక్కడినే కూర్చుని తినబుద్ధి కాక, పొద్దున్నుంచి టీతోనే ఉన్నాను. అయినా వై కొట్టినాను.

"అబద్ధాలు చెప్పాకు. పోయి తిను."

ఆ మాట నేను రాయలేదు. వెంటనే ఫైలు తెరిచి చూసినాను. నా పాత లైన్లే ఉన్నాయి, అది లేదు.

కిందికి పోయి సారును అడిగినాను. "నీ ఫైల్లో చెయ్యి పెట్టేకి నాకేం పనిలేదా అప్పా? ముందు ఏమన్నా తినిరా పో, మొగం చూడు ఎట్లుండాదో" అన్నాడు.

పోయి తిన్నాను.

ఊర్లో మా ఓబుళేసుకు చెప్తే, "నీ సంగతి మిషన్‌కు గూడా తెలిసిపోయిందా అన్నా" అని నవ్వినాడు.

తర్వాత చాలాసార్లు తినకుండా పోయి, కావాలనే వై కొట్టినాను. "సరే, పని చూసుకో" అనేది, అంతే.

ఆ సెంటర్ ఎప్పుడో మూసేసినారు. ఆ ఒక్క రోజు ఆ మాట యాడ నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఒట్టేసినాను కాబట్టి ఒకటి ఒప్పుకుంటా. ఫైలు తెరిచి చూసినానన్నది కల్పించి చెప్పినాను. ఆరోజే కాదు, ఆ తర్వాత కూడా తెరవలేదు. ఆ లైను అందులో ఉంటే, నేనే ఎప్పుడో రాసి మరిచిపోయినట్టు. అప్పుడు ఆరోజు, సారు నా మొగం చూసి అనేదాకా, నన్ను తినమన్నవాళ్లు ఎవరూ లేనట్టే గదా.