మా సీనియరన్న భుజం తట్టిన రోజు

పర్వాల కొద్దీ సాగే వెన్నుపోటు గాథ చెబుదామని కూర్చున్నాను గానీ, తీరా ఉన్నది మా ఆఫీసు సీనియరన్న, ఆయన నొక్కిన ఒక బటను, అంతే.

భవనాల కరెంటు వాడకాన్ని కంప్యూటర్లో లెక్కగట్టడం మా పని. అల్లూరు రొయ్యల ఫ్యాక్టరీలో గదిగదికీ తిరిగి, లైట్ల వివరాలు రాసుకొచ్చి కంప్యూటర్లో ఎక్కించాను. నా ఉద్యోగం ఖాయం కావడం దానిమీదే ఉంది. ఇంతలో ఫ్యాక్టరీ ప్లాను మారింది, కొత్తది ఎక్కించాలి.

“నేనెక్కించిన లైట్ల వివరాలు పోతాయేమో అన్నా” అన్నాను.

ఆయన అలవాటుగా నా భుజం రెండుసార్లు తట్టి, “నేనుండాను గదా అబ్బయా” అని బటను నొక్కాడు. కంప్యూటర్లో లైట్ల వివరాలన్నీ పోయాయి.

మేనేజరు అడిగితే మళ్లీ అదే భుజం తట్టి, “పిల్లోడు సార్, లైట్లు ఎక్కించడం మరిచిపోయినాడు” అన్నాడు. తట్టడం మాత్రం అంతే ఆప్యాయంగా ఉంది.

నా ఉద్యోగం ఖాయం కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది.

ఇంతకీ నేను నేర్చుకున్నదేమంటే, కొత్త ప్లాను ఎక్కించే ముందు, పాత లైటింగ్ వివరాలు ఉంచమనే గడిలో టిక్కు పెట్టాలి.