కంచె పక్కన మంచె

ఆర్డిస్ స్కార్‌కి కోపం పుట్టుకతోనే వచ్చిందని వాళ్ళ చర్చిలో అందరూ అంటారు. అది అబద్ధం. ఆమెకి ఇరవై నాలుగో ఏట వచ్చింది. ఆ ఏడాదే విస్కాన్సిన్ కొండల నడుమ ఉన్న పాడి పొలాన్ని, ఆవులతో కొట్టాలతో సహా, వాళ్ళ నాన్న ఆమె తమ్ముడు గేలెన్ పేర రాసేశాడు.

"రేపు పెళ్ళి చేసుకుంటావు. మీ ఆయనకి పొలం ఉంటుందిగా" అన్నాడు.

పదేళ్ళుగా చీకటితో లేచి పాలు పితికింది ఆమె. గేలెన్ పొద్దెక్కేదాకా దుప్పటి తీసేవాడు కాదు. అయినా ఎదురు మాట్లాడకుండా బయటికి వచ్చేసింది. ఆ మాట్లాడని మాటలన్నీ లోపల గడ్డకట్టుకుపోయాయి.

తరవాత ఇరవై ఎనిమిదేళ్ళు జున్ను ఫ్యాక్టరీలో రబ్బరు బూట్లతో, విరిగిన పాల నీళ్ళలో నిలబడి పనిచేసింది. నాన్న పొలం కంచెకి ఇవతల, ఎవరికీ అక్కర్లేని ఇరవై ఎకరాల కొండవాలు కొనుక్కుంది. రాళ్ళు, ముళ్ళకంపలు, పులిసిపోయిన నేల.

"ఇక్కడ ముళ్ళు కూడా మొక్కుకుంటేనే మొలుస్తాయి" అన్నాడు భర్త లైల్.

ఆర్డిస్ మట్టి పరీక్ష చేయించింది. చలికాలం చివర, మంచు మీద లాగే బల్లకి నేల పులుపు విరిచే సున్నం బస్తాలు కట్టి ఒక్కొక్కటే పైకి లాగింది. రెండేళ్ళు వేసిన విత్తనం వేసినట్టే పోయింది. మూడో ఏడు, జింకలు ఇష్టంగా మేసే క్లోవర్ గడ్డి పట్టుకుంది. దాని పక్కన ఒక చాలు టర్నిప్ దుంపలు వేసింది. మొదటి మంచు పడ్డాక ఆ ఆకులు తీపెక్కుతాయి, జింకలు వాటికోసం కొండ దిగి వస్తాయి. మడి మధ్య తీగ వలతో చిన్న గూడు కట్టింది. లోపల పెరిగిన గడ్డి ఎత్తు, బయట మిగిలిన గడ్డి ఎత్తు పోల్చుకుంటే జింకలు ఎంత మేశాయో తెలిసిపోతుంది. వేట అనుమతి తీసుకుని ఏడాదికి ఒక్క ఆడ జింకని కొట్టేది. ఆ మాంసమే చలికాలమంతా ఇంట్లో.

నిరుడు గేలెన్, నాన్న ఇచ్చిన పొలాన్ని నగరం నుంచి వచ్చిన ఒక పళ్ళ డాక్టరుకి అమ్మేశాడు. అక్కకి ఒక్క మాట చెప్పలేదు. విత్తనాల కొట్లో ఎవరో అంటుంటే వింది.

ఆగస్టుకల్లా కంచెకి నాలుగు అడుగుల అవతల చిన్న గదిలా మూసిన కొత్త వేట మంచె లేచింది. దానికి ఒకటే కిటికీ. అది ఆర్డిస్ గడ్డి మీదికే. అవతల డాక్టరు నేలలో పల్లేరు తప్ప ఏమీ లేదు.

ఆమె కంచె దగ్గరికి వెళ్ళి అడిగింది. "డాక్టరుగారూ, కిటికీ ఇటు పెట్టారేం?"

"నా నేల, నా మంచె. జింకలకి కంచె తెలుస్తుందామ్మా?" అని నవ్వాడు.

"జింకలకి తెలీదు. తూటాకి తెలియాలి."

ఆ రాత్రి లైల్ "పోనీ వదిలెయ్యవే" అన్నాడు.

"ఒకసారి వదిలేస్తేనే పొలం పోయింది."

నవంబరు వేట మొదటి రోజు పొద్దున్నే, గడ్డి చివర పొదలో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు ఆర్డిస్, లైల్. వెలుగు వచ్చాక చెవి చిరిగిన మగ జింక ఒకటి టర్నిప్ ఆకుల్లోకి దిగింది. మూడేళ్ళుగా ఆమె చూస్తున్న జింక. దాన్ని కొట్టాలని లేదు, అట్లా చూస్తూ ఉంది. మంచె మీంచి తుపాకీ పేలింది. జింక నాలుగు గంతులు వేసి క్లోవర్ మధ్యలో కూలింది.

మంచె దిగి వచ్చినవాడు డాక్టరు కాదు. నారింజ రంగు కోటులో గేలెన్. చేతిలో తాడు.

"అక్కా, నువ్విక్కడే ఉన్నావా. పడింది ఇటే గానీ కొట్టింది అటు నుంచే. లాక్కుపోతా" అని కంచె మీద కాలు వేశాడు.

"ఆ కాలు వెనక్కి తీసుకో."

"ఒక్క జింక కోసం ఇంత రాద్ధాంతమా? నీ గడ్డి తిన్నంత మాత్రాన అడవి జింకలు నీవైపోతాయా?"

"కావు. గడ్డి నాది, నేల నాది. నువ్వు నిలబడ్డ నేలే నీది కాదు, అమ్ముకున్నావుగా. నాన్న ఇచ్చింది తినేశావు. ఇప్పుడు నేను గోళ్ళతో గీరి చేసుకున్నదాని మీదికి వచ్చావు. ఇంకా ఎంత కావాలిరా నీకు?"

ఆమె వేట చట్టాలు చూసే వార్డెన్‌కి ఫోను కలపడం చూసి గేలెన్ మొహం పాలిపోయింది.

"తమ్ముడి మీద కేసు పెడతావా? అమ్మ బతికుంటే ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. బతికున్నప్పుడూ ఏమీ అనలేదు."

వార్డెన్ వచ్చింది. మంచె నుంచి ఆర్డిస్ గడ్డిలో మొదటి నెత్తురు చుక్క దాకా టేపు పట్టి కొలిచింది. పైన కిటికీలో దాక్కున్న డాక్టరుని కిందికి పిలిచి నాలుగు ప్రశ్నలు వేసింది. తరవాత ఆర్డిస్ వైపు తిరిగి "ఫిర్యాదు రాసి ఇస్తారా అమ్మా? ఇస్తే వెనక్కి తీసుకోవడం కష్టం" అంది.

లైల్ మోచేత్తో పొడిచాడు. ఆర్డిస్ కాగితం అందుకుని, పూర్తి పేరు, గుండ్రంగా, అందరికీ అర్థమయ్యేట్టు రాసింది.

జింకని వార్డెన్ తీసుకుపోయింది. గేలెన్‌కి వేట అనుమతి పోయింది. నెలాఖరున ఇంటిల్లిపాదీ కలిసే థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి రావద్దని మరదలు ఫోను చేసింది. చర్చిలో సగంమంది పలకరింపు మానేశారు. ఆర్డిస్ కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. తోమిన గిన్నే మళ్ళీ తోముతుంటే లైల్ చేతిలోంచి లాక్కున్నాడు.

"గెలిచావు కదా, ఇంకా ఎందుకే?"

"ఏం గెలిచాను? నాన్న పొలం ఇంకా ఆ డాక్టరు దగ్గరే ఉంది."

లైల్ గిన్నె తుడిచి బల్ల మీద పెట్టాడు.

మే నెలలో కంచె పొడుగునా ఒక పట్టీ దున్ని పొడుగు రకం జొన్న చల్లింది ఆమె. సెప్టెంబరుకి ఇద్దరు మనుషుల ఎత్తు లేచింది. డాక్టరు కారాపి దిగాడు.

"అమ్మా, మంచె మీంచి ఆకులు తప్ప ఏమీ కనబడటం లేదు."

"మంచిది" అని ఆర్డిస్ గడ్డి కోసే యంత్రం ఎక్కింది.

అప్పుడప్పుడు సాయంత్రం పూట ఒక పాత ట్రక్కు ఆ రోడ్డు మీద నెమ్మదిస్తుంది. గేలెన్‌ది. ఇంజను చప్పుడు ఆమెకి బాగా తెలుసు. తల ఎత్తదు.