నలభై సెకన్ల కాల్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరైనా సభలో నన్ను నిజాయితీపరుడని పరిచయం చేసిన ప్రతిసారీ దాని బరువు కొత్తగా తెలుస్తుంది. విసుగొచ్చింది. పొగిడేవాళ్ల మీద కాదు, తల వంచుకుని ఆ పొగడ్త అందుకునే నా మీద. మీకు చెప్పేస్తాను, వినండి.

"రుజువేది?" అని అడగడమే నా జీవితం. వరంగల్‌లో బాబాలను అడిగాను, జ్యోతిష్కులను అడిగాను, స్వస్థత సభల వాళ్లనూ అడిగాను. ఆ పేరు చూసే నన్నొక కమిటీలో వేశారు. వెబ్‌సైట్లకు ఉండే పేర్లను, అంటే డొమైన్లను, అమ్మే కంపెనీలను రిజిస్ట్రార్లంటారు. గడువులోగా రెన్యువల్ చేయించకపోతే మన పేరును ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. పోటీపడి అమ్మే ఈ కంపెనీలన్నీ కనీసం ఎలాంటి సేవ చేయాలో ప్రమాణాలు రాయడం మా పని. నేను వినియోగదారుల తరఫు మనిషిని.

సరిగ్గా అప్పుడే కాశిబుగ్గ నేత కార్మికుల సంఘం తన డొమైన్ పోగొట్టుకుంది. వాళ్లు జంపఖానాలు అమ్ముకునే వెబ్‌సైటు అది. వాళ్లకు ఈమెయిల్ లేదని నేనే పెద్దరికం చేసి నా ఈమెయిల్, నా ఫోన్ నంబరు ఇచ్చి రిజిస్టర్ చేయించాను. గడువు దాటింది. ఎవరో ఆ పేరు కొని మిల్లు దుప్పట్లు అమ్మడం మొదలుపెట్టారు. సంఘం వాళ్లు నిలదీస్తే, "రిజిస్ట్రార్ నాకు చెప్పనే లేదు" అన్నాను. అప్పటికి నిజంగానే అలా నమ్మాను.

ఆ రిజిస్ట్రార్ జోసెఫ్. హన్మకొండలో ఒక గది, రెండు కంప్యూటర్లు, అంతే అతని కంపెనీ. పెద్ద కంపెనీలు ఈమెయిల్ పడేసి చేతులు దులుపుకునేవి. మనవాళ్లు ఈమెయిల్ చూడరని తెలిసిన జోసెఫ్ మాత్రం గడువుకు ముందు ప్రతి ఒక్కరికీ తానే ఫోన్ చేసి, నోటుపుస్తకంలో టిక్కు పెట్టుకునేవాడు.

కమిటీలో నేను సంఘం గోడు చెప్పి నిబంధన రాయించాను: ప్రతి రిజిస్ట్రారూ ఫోన్ చేయాలి, ఆ కాల్ రికార్డు చేసి దాచాలి, లేదంటే అనుమతి రద్దు. పెద్ద కంపెనీలు కిక్కురుమనకుండా ఒప్పుకున్నాయి. ఎందుకు ఒప్పుకున్నాయని అనుమానం రాలేదా? రుజువులు వెతికే నాకు? రాలేదు. సంఘం ఫిర్యాదు జోసెఫ్ మీదే, అతని దగ్గర రికార్డులేవీ లేవు, కాబట్టి మొదటి వేటు అతని మీదే అని తేలింది.

తుది సమావేశానికి ముందు రోజు అతను మా ఇంటికొచ్చాడు.

"సార్, నేను ఫోన్ చేసిన గద. జర యాది చేస్కోండ్రి."

"ఎప్పుడు చేసినవ్?"

"మూఢనమ్మకాల మీద మీటింగ్ అయితాంది అన్నరు. ఎనక చప్పట్లు ఇనవడ్డయ్. నాకన్నీ తెల్సు, పెట్టెయ్ అన్నరు."

"రుజువేది?"

నోటుపుస్తకం తెరిచాడు. నేను నవ్వాను. "నీ పుస్తకంల నువ్వే టిక్కు పెట్టుకుంటే రుజువైతదా, జోసెఫ్?"

"యేసయ్యనే రుజువు అడిగేటోళ్లు మీరు. నన్ను ఇడిసిపెడ్తరా?" అని అతనూ నవ్వాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "నా డబ్బా ఫోన్ల పాత కాల్స్ ఉండయ్. మీ ఫోను మీ చేతులనే ఉన్నది సార్. ఒక్కపారి చూస్కోండ్రి."

అతను వెళ్లాక చూశాను. పాత కాల్స్ ఏవీ చెరపని అలవాటు నాది. ఉంది. గడువుకు వారం ముందు, జోసెఫ్ నంబరు నుంచి, నలభై సెకన్లు. ఆ చప్పట్లు కూడా గుర్తొచ్చాయి. అవి నాకే కొట్టారు.

చెరిపేశాను.

మర్నాడు కమిటీ ముందు, నాకెవరూ ఫోన్ చేయలేదని రాసి సంతకం పెట్టాను. నా ఫిర్యాదు తప్పని తేలితే నిబంధనే ఆగిపోతుంది, అది మంచిదే కదా, లక్షలమందికి మేలు కదా, ఒక్క మనిషి కోసం దాన్ని ఆపుతామా అని నాకు నేను చెప్పుకున్నాను. పదిమంది మేలు కోసం చిన్న మోసం ఫరవాలేదని బాబాలు చెప్పినప్పుడు వేదికెక్కి చీల్చి చెండాడింది నేనే కదా? వాళ్లకూ నాకూ తేడా ఏమిటి? వాళ్లు విభూతి తీశారు, నేను పెన్ను తీశాను.

గడువు రాకముందే గుర్తుచేసే ఏకైక మనిషిని, గుర్తుచేయలేదన్న నేరం మీద ఆ వ్యాపారంలోంచి వెళ్లగొట్టాను. జోసెఫ్ ఇప్పుడు కేసముద్రం మార్కెట్ యార్డులో తూకం చీటీలు టైపు చేస్తున్నాడు. పెద్ద కంపెనీల నుంచి ఇప్పుడు మెషిన్ గొంతు ఫోన్ చేస్తుంది, హిందీలో, మూడుసార్లు. అందరూ కట్ చేస్తారు. నేనూ కట్ చేస్తాను. అన్నీ రికార్డవుతాయి. నా నిబంధన ప్రకారం సేవ సక్రమంగా జరిగినట్టే!

ఒప్పుకుంటే పాపం పోతుందని జోసెఫ్ నమ్ముతాడు. నేను నమ్మను. క్షమించమని అడగను, అడిగితే అతను క్షమించేస్తాడు, అదింకా నాకు చవకబేరం. దీని కింద పేరు పెట్టే ధైర్యం కూడా రాలేదు, చూశారా? దీన్ని చదివితే అతనికి మాత్రం ఎవరు రాశారో తెలుస్తుంది.

రుజువేదని మీరడగొచ్చు. లేదు. నా బొటనవేలితో నేనే చెరిపేశాను. మిగిలింది నా మాట ఒక్కటే. జోసెఫ్ నా గుమ్మంలో నిలబడ్డ రోజు అతని దగ్గర ఇంతకంటే ఎక్కువే ఉంది.

జోసెఫ్ నాకు ఫోన్ చేశాడు. ఆరేళ్ల తర్వాత ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాయగలిగాను.