చేతిని చూడని ఐదేళ్లు

నేను కొత్తగా పంతులుద్యోగంలో చేరి తిరుమలగిరి బడికి వెళ్లినప్పుడు, అక్కడ నాకంటే పదేళ్లు పెద్దాయన ఒకాయన మూడో తరగతికి చెప్పేవాడు. పోచంపల్లి దిక్కు మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. వదిన వాళ్ల ఊళ్లోనే ఉండేది. మేమిద్దరం ఒకే ఇంట్లో కిరాయికుండి, ఒకే పొయ్యి మీద వండుకున్నాం.

ఆయనకు గారడీ వచ్చు. మూడు ఇత్తడి గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద ఎర్రటి నూలు ఉండ పెట్టి, అటూ ఇటూ జరిపి, ఎక్కడుందో చెప్పమనేవాడు. ఎవరు చెప్పినా తప్పే అయ్యేది. చివరికి ఆ ఉండ ముందు కూర్చున్న ఏ ముసలాయన రుమాలు మడతలోంచో బయటపడేది. పెళ్లిళ్లకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిలిచేవారు.

నాకిచ్చిన పని మాట్లాడటం. ఆయన చేయి కదలాల్సిన వేళకు నేను ఎవరినో ఒకరిని పలకరించాలి. "పెద్దయ్యా, మీ ఎద్దు ఈనిందంట గద?" అని గంభీరంగా అడిగేవాణ్ణి. అందరూ నవ్వుతూ ఆ పెద్దాయన వైపు తిరిగేవారు. అంతలో పని అయిపోయేది.

మొదటిసారి మాత్రం ఆగలేక మాట మధ్యలో ఆయన చేతికేసి చూశాను. నాతోపాటు జనమంతా చూశారు. ఆట చెడింది. ఇంటికి నడిచి వస్తూ ఆయన కోప్పడలేదు.

"నా చేతిని చూడకు తమ్మీ. నీ కండ్లు ఏడికి పోతే వాళ్ల కండ్లు ఆడికే పోతయి" అన్నాడు.

ఆ తర్వాత ఐదేళ్లు చూడలేదు. ఆయన పక్కనే నిలబడి, ఆయన ఏం చేస్తాడో తెలియకుండానే గడిపాను.

ఆయనకు పాలమూరు దిక్కు బదిలీ అయింది. వెళ్లే రోజు పొద్దున, పరుపు చుట్టకట్టాక, ఒక్కసారి నాకోసం నెమ్మదిగా చేసి చూపమన్నాను. మూటలోంచి గిన్నెలు తీసి నేల మీద కూర్చున్నాడు. నేను రెప్ప వేయలేదు. గిన్నెలు జరుపుతూ ఆయన మెల్లగా అడిగాడు.

"ఒక్కనివే ఉంటే రెండు పూటల వండుకుంటవా?"

తలెత్తి ఆయన ముఖం చూశాను. వండుకుంటానన్నాను. కిందికి చూసేసరికి మూడు గిన్నెలూ ఖాళీ. ఉండ నా అంగీ జేబులో ఉంది. ఎప్పుడూ ఆ చోట నవ్వేవాడు, ఆ రోజు నవ్వలేదు.

తర్వాత నేనూ గిన్నెలు కొని నేర్చుకోబోయాను. నోరు మాట్లాడితే చేయి ఆగిపోయేది, చేయి కదిలితే మాట తెగిపోయేది. ఒక పెళ్లిలో అభాసుపాలై మానేశాను. పెళ్లిపందిట్లో నలుగురు నవ్వుతుంటే ఆయన కోసం పక్కకు చూడటం మాత్రం చాలాకాలం మానలేకపోయాను.

రెండేళ్లకు ఆయన బావమరిది కార్డు రాశాడు, ఆయనకు పక్షవాతం వచ్చిందని. మూడు బస్సులు మారి వాళ్ల ఊరికి వెళ్లాను. ఆయన మంచంలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేయి ఒడిలో పడి ఉంది. వదిన జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. బడి సంగతులన్నీ అడిగి అడిగి చెప్పించుకున్నాడు. నేను లేవబోతుంటే, గూట్లో ఉన్న గిన్నెల వైపు చూశాడు.

"ఎడమ చేత్తోని జర నెమ్మదిగ చేస్త. ఇప్పుడైతే నీకు కనవడ్తది" అన్నాడు.

చూడాలనిపించలేదు. ఆ చేయి తడబడటం నేను చూడలేను.

"వద్దన్నా, బస్సు పోతది" అన్నాను.

బస్సుకు ఇంకా గంట ఉంది. ఆయనకూ తెలుసు. సరే అన్నట్టు తలూపాడు.

ఆ వానాకాలం దాటకుండానే పోయాడు. నేను వెళ్లిన రోజు ఆయన నాకు గుట్టు చెప్పాలనుకున్నాడనే చాలా ఏళ్లు అనుకున్నాను. కాదు. చూసేవాడొకడు ఎదురుగా ఉండగా ఇంకొక్కసారి ఆడాలనుకున్నాడు. ఆ గంటసేపు నేను బస్టాండులో ఊరికే కూర్చున్నాను.